ఊడదీసి మార్చుకొనే హెడ్‌ఫోన్ తీగ



హెడ్‌ఫోన్ తీగ తెగిపోతే మనలో చాలామంది చేసే పని దాన్ని పారేసి ఇంకొకటి కొనుక్కోవడం. అలా పారేయకుండా, తీగను ఎప్పుడు కావాలంటే అప్పుడు ఊడదీసి మార్చుకొనేటట్లు ఇంట్లోనే ఎలా అమర్చుకోవచ్చో ఈ ప్రసంగంలో చెప్పుకుందాం.

మా మామయ్యకు డెబ్బై దాటాయి. రాజపాళయంలో ఒక నూలు మిల్లులో రింగ్ ఫ్రేముల దగ్గర ముప్పై ఏళ్లకు పైగా పనిచేశారు. ఆ యంత్రాల రొదలో అన్నేళ్లు గడిపినవారికి చెవులు మందగించడం వింత కాదు. ఆయన ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదువుకున్నది తమిళం. తమిళ పత్రిక అక్షరం వదలకుండా చదువుతారు. తెలుగు అక్షరం మాత్రం రాదు. రాజపాళయంలో ఇలాంటి తెలుగువారు చాలామంది ఉన్నారు. తెలుగు వారికి కంటితో చదివే భాష కాదు, చెవితో వినే భాష. అందుకని మామయ్య రోజూ సాయంత్రం వాకిట్లో కుర్చీ వేసుకుని, ఫోనుకు హెడ్‌ఫోన్ తగిలించి, తెలుగు వార్తలు, పాటలు వింటారు. హెడ్‌ఫోన్ లేకుండా వినాలంటే వీధంతా వినాలి.

ఒకరోజు ఆ హెడ్‌ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టారు.

"అల్లుడూ, దీంట్లో వయొలిన్లు ఉన్నాయి, డోలకు ఉంది, పాడే మనిషి మాత్రం లేదురా" అన్నారు.

"వార్తలు వస్తున్నాయా మామా?" అని అడిగాను.

"వార్తలు అసలే లేవు. ఎవరో గోడ అవతల గొణిగినట్లుంది."

చెవి మరింత చెడిపోయిందేమోనని ఆయన భయం. నేను పెట్టుకుని విన్నాను. ఆయన చెప్పినట్లే ఉంది. వాద్యాలు ఏదో బావిలోనుంచి వచ్చినట్లు వస్తున్నాయి, గొంతు లేదు. చెడింది చెవి కాదు, తీగ. ఆ సంగతి తెలిశాక ఆయన ముఖంలో కనిపించిన తెరిపి నేను మరచిపోలేను.

ఇంతకీ తీగ తెగితే అంతా పోవాలి గాని, గొంతు ఒక్కటే ఎలా పోతుంది? ఇది కొంచెం వివరంగా చూద్దాం.

హెడ్‌ఫోన్ పిన్నును దగ్గరగా చూడండి. దాని మీద రెండు నల్ల గీతలు ఉంటాయి. అవి పిన్నును మూడు భాగాలు చేస్తాయి. కొసన ఉన్నది ఎడమ చెవికి, మధ్యలో ఉన్న ఉంగరం కుడి చెవికి, మొదట్లో ఉన్న పొడుగు భాగం రెండింటికీ ఉమ్మడి. విద్యుత్తు కొస నుంచి ఎడమ స్పీకరుకు వెళ్లి ఉమ్మడి తీగలో తిరిగి వస్తుంది. కుడివైపుదీ అలాగే వెళ్లి అదే ఉమ్మడి తీగలో తిరిగి వస్తుంది. ఇప్పుడు ఆ ఉమ్మడి తీగ తెగిందనుకోండి. రెండు స్పీకర్లు ఒకదాని వెనుక ఒకటి కట్టినట్లయిపోతాయి. ఎడమకూ కుడికీ మధ్య తేడా ఉంటేనే వాటిలో విద్యుత్తు పారుతుంది. గిలకకు రెండు వైపులా సమానమైన బిందెలు కడితే గిలక తిరుగుతుందా? తిరగదు. ఒకవైపు బరువు ఎక్కువైతేనే తిరుగుతుంది. ఇదీ అంతే.

స్టీరియో పాటల్లో సాధారణంగా గాయకుడి గొంతును రెండు వైపులా సమానంగా ఉంచుతారు. అందుకే అది మన తలకు నడిమధ్య వినిపిస్తుంది. వాద్యాలు కొన్ని ఎడమకు, కొన్ని కుడికి పంచుతారు. ఉమ్మడి తీగ తెగితే సమానంగా ఉన్న గొంతు మాయమై, తేడాగా ఉన్న వాద్యాలు మిగులుతాయి. వార్తలు చదివే గొంతు రెండు వైపులా ఒకటే కనుక దాదాపు నిశ్శబ్దమే. కాబట్టి మీ ఇంట్లో పెద్దవారు ఎవరైనా మాటలు వినబడటం లేదు, సంగీతం వినబడుతోంది అంటే, ముందు హెడ్‌ఫోన్ తీగ చూడండి. చెవి సంగతి తరువాత. తీగ బాగుండి కూడా వినబడకపోతే చెవి డాక్టరుకు చూపించాలి.

ఇక తీగ ఎక్కడ తెగుతుంది? మధ్యలో తెగడం అరుదు. రెండు చోట్ల తెగుతుంది. ఒకటి పిన్ను మెడ దగ్గర, రెండోది చెవి డొప్పలోకి తీగ దూరే చోట. రెండు చోట్లా మెత్తని తీగ గట్టి ప్లాస్టిక్కును కలుస్తుంది. ఎన్నిసార్లు వంగినా ఆ ఒక్క చోటే వంగుతుంది. లోపలి రాగి పోగులు చాలా సన్ననివి. ఒక్కొక్కటే తెగుతూ వస్తాయి. పైతొడుగు మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది కనుక మనకు కనిపించదు.

చూడండి, హెడ్‌ఫోన్‌లో విలువైనవి లోపలి స్పీకర్లు, తల మీది పట్టీ. అవి ఏళ్ల తరబడి ఉంటాయి. తీగ అన్నిటికన్నా చవకైనది, అన్నిటికన్నా ముందు చెడేది. అయినా ఆ చవక వస్తువును విలువైన వస్తువుకు విడదీయరాకుండా అతికించి అమ్ముతున్నారు. చవకది పోతే విలువైనదీ పోతోంది.

నూలు మిల్లులో పనిచేసినవారికి ఇది చెప్పనక్కరలేదు. రాజపాళయంలో 1936లో మొదలైన మిల్లు పరిశ్రమ ఈ సూత్రం మీదనే నడుస్తోంది. రింగ్ ఫ్రేములో రింగు మీద ట్రావెలర్ అనే చిన్న ఉక్కు ముక్క నిరంతరం తిరుగుతూ నూలుకు పురి ఎక్కిస్తుంది. రాపిడిలో రెండూ అరిగిపోకూడదు కదా. అందుకని ట్రావెలర్‌ను రింగు కన్నా కాస్త మెత్తగా చేస్తారు. అరిగేది అదే అరుగుతుంది. గడువు రాగానే దాన్ని తీసి కొత్తది వేస్తారు, ఖరీదైన రింగు నిలుస్తుంది. ఈ మాట నేను మామయ్యతో అంటే ఆయన నవ్వి, "అయితే దీనికీ ఒక ట్రావెలర్ పెట్టరా" అన్నారు. మేము చేసిన పని అదే.

నిజానికి ఊడివచ్చే తీగ కొత్త ఆలోచన కాదు. మనం వాడే పిన్నుకు అన్నయ్య వంటిది 6.35 మిల్లీమీటర్ల లావు పిన్ను. పందొమ్మిదో శతాబ్దంలో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో ఒక చోట పీకి మరొక చోట గుచ్చడానికే దాన్ని తయారుచేశారు. దాని బుల్లి రూపమే ఇప్పటి 3.5 మిల్లీమీటర్ల పిన్ను. ట్రాన్సిస్టర్ రేడియోలతో వచ్చి, 1979లో సోనీ వాక్‌మన్ వచ్చాక లోకమంతా పాకింది. ఇంట్లో కూర్చుని హెడ్‌ఫోన్ మీద పనిచేయడమూ కొత్తేమీ కాదు. అమెరికాలో నథానియల్ బాల్డ్విన్ అనే ఆయన 1910 ప్రాంతంలో తన వంటింట్లోనే హెడ్‌ఫోన్లు తయారుచేసి ఆ దేశ నౌకాదళానికి అమ్మాడు.

స్టూడియోల్లో వాడేవాటిలో రెండు రకాలూ ఉన్నాయి. 1991లో వచ్చిన సోనీ ఎం.డి.ఆర్-7506కు తీగ శాశ్వతంగా అతికించి ఉంటుంది. ఏ.కె.జి. కె-240 స్టూడియోకు మూడు ముళ్ల చిన్న సాకెట్ ఉండి తీగ ఊడి వస్తుంది. మొదటి రకాన్ని రెండో రకంగా మార్చడమే మనం చేయబోయే పని.

ముందు ఏ సాకెట్ పెట్టాలో నిర్ణయించుకోవాలి. ఇంటి వాడకానికి మామూలు 3.5 మిల్లీమీటర్ల స్టీరియో సాకెట్ మేలు. దానికి రెండు కారణాలు. మొదటిది, దానికి సరిపోయే తీగ, అంటే రెండు వైపులా పిన్ను ఉన్న ఆక్స్ కేబుల్, చిన్న ఊళ్లో సెల్‌ఫోన్ దుకాణంలో కూడా దొరుకుతుంది. ఏ.కె.జి. రకం సాకెట్ గట్టిదే గాని దాని తీగ కోసం చెన్నై రిచీ స్ట్రీట్‌కు పోవాలి, లేదా తపాలాలో తెప్పించుకోవాలి. రెండో కారణం ఇంకా ముఖ్యం. 3.5 పిన్నుకు బిగింపు లేదు. ఎవరైనా తీగ తట్టుకుంటే పిన్ను దానంతట అదే ఊడి వస్తుంది, హెడ్‌ఫోన్ కింద పడదు. మరలతో బిగించే రకమైతే తీగతో పాటు అన్నీ లాక్కుపోతుంది. 2.5 మిల్లీమీటర్ల సన్న పిన్ను సులభంగా విరుగుతుంది, వద్దు.

తీగ ఒక్క చెవి డొప్పలోకే వచ్చే హెడ్‌ఫోన్లు ఈ పనికి అనుకూలం. వాటికి ఒక్క సాకెట్ చాలు, రెండో చెవికి తీగ పట్టీలోనుంచి వెళుతుంది. రెండు డొప్పల్లోకీ విడివిడిగా తీగలు వచ్చే రకానికి రెండు సాకెట్లు కావాలి, తీగ కూడా రెండు పాయలది కావాలి. మొదటిసారి చేసేవారు ఒంటి తీగ రకంతో మొదలుపెట్టండి. గ్యారంటీ గడువు ఉన్నదాన్ని విప్పకండి.

కావలసిన వస్తువులు: 25 వాట్ల సాల్డరింగ్ ఐరన్, రోజిన్ ఫ్లక్స్ నింపిన సన్న సాల్డర్ తీగ, చిన్న స్క్రూడ్రైవర్లు, మల్టీమీటర్, చేతి డ్రిల్లు, మరతో నట్టు బిగించే స్టీరియో సాకెట్, మంచి ఆక్స్ కేబుల్, కొంచెం జిగురు. రేకు పనికి వాడే యాసిడ్ పేస్టు మాత్రం దగ్గరకు రానీయకండి. అది సన్న రాగిని తినేస్తుంది.

మొదట నేను చేసిన తప్పు చెబుతాను. డొప్పకు రంధ్రం వేయడానికి జంకి, తీగను డొప్పకు ఒక జానెడు దూరంలో కత్తిరించి, ఆ తోకకు సాకెట్ అతికించాను. గంటలో పని అయిపోయింది, మామయ్య సంతోషించారు. మూడు నెలలకే మళ్లీ గొంతు పోయింది. కారణం మీకు తెలిసిపోయే ఉంటుంది. తోక డొప్పలోకి దూరే చోట వంగడం ఆగలేదు. పైగా సాకెట్ బరువు కూడా దాని మీదే పడింది. తెగే చోటును నేను మార్చలేదు, పక్కన ఇంకొక వస్తువు చేర్చానంతే. అందుకని సాకెట్ డొప్పలోనే ఉండాలి.

ఇప్పుడు పని క్రమంగా చూద్దాం.

మొదటి మెట్టు, కొలత. హెడ్‌ఫోన్ పిన్నును ఫోను నుంచి తీసివేసి మల్టీమీటర్‌తో కొలవండి. 32 ఓములు అని రాసి ఉన్న హెడ్‌ఫోన్ అయితే కొసకూ ఉమ్మడికీ మధ్య 30 దరిదాపుల్లో చూపుతుంది. ఉంగరానికీ ఉమ్మడికీ మధ్య కూడా అంతే. కొసకూ ఉంగరానికీ మధ్య దానికి రెట్టింపు. మామయ్య హెడ్‌ఫోన్‌లో కొసకూ ఉంగరానికీ రెట్టింపు వచ్చింది గాని, ఉమ్మడితో కొలిస్తే ఏమీ రాలేదు. అంటే ఉమ్మడి తీగ తెగిందని తేలిపోయింది. మీకు ఒక స్పీకరు నేరుగా కొలిచినా ఏమీ చూపకపోతే ఆ స్పీకరే పోయిందన్నమాట. అప్పుడు ఈ శ్రమ దండగ.

రెండో మెట్టు, విప్పడం. చెవి మెత్తను నెమ్మదిగా లాగితే వస్తుంది. దాని కింద మరలు ఉంటాయి. తీసిన మరలను ఒక మూతలో వేసుకోండి. ఏ తీగ ఎక్కడ అతికి ఉందో ఫోనుతో ఫోటో తీసుకోండి. సాధారణంగా ఎరుపు కుడికి, ఆకుపచ్చ లేక నీలం ఎడమకు, రాగి రంగు ఉమ్మడికి. కాని రంగును నమ్మకండి, మీటర్‌ను నమ్మండి.

మూడో మెట్టు, రంధ్రం. ఇక్కడే ఎక్కువ హెడ్‌ఫోన్లు పాడవుతాయి. స్పీకరు వెనుక బలమైన అయస్కాంతం ఉంటుంది. డ్రిల్లు నుంచి రాలే ఇనుప రజను దానికి అంటుకుంటే, లోపలి సన్నని సందులోకి పోయి గరగర మొదలవుతుంది. మళ్లీ తీయడం కష్టం. కాబట్టి స్పీకరును విప్పి, గుడ్డలో చుట్టి, వేరే బల్ల మీద పెట్టండి. ఆ తరువాతే డ్రిల్లు పట్టుకోండి. పాత తీగ వచ్చిన చోటే, డొప్ప కింది అంచున రంధ్రం వేయడం మంచిది. తల నిటారుగా ఉన్నప్పుడు తీగ నేరుగా కిందకు వేలాడుతుంది. సాకెట్ పొడవు కొలిచి, లోపల దానికి చోటు ఉందో లేదో, స్పీకరుకు తగులుతుందో లేదో ముందే చూసుకోండి. సాకెట్ మెడ సాధారణంగా 6 మిల్లీమీటర్లు ఉంటుంది. ఒక్కసారే అంత రంధ్రం వేస్తే ప్లాస్టిక్కు పగులుతుంది. 2 మిల్లీమీటర్లతో మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా పెంచండి. ప్లాస్టిక్కు పొడి అంతా బ్రష్షుతో తుడిచేయండి.

నాలుగో మెట్టు, సాల్డరింగ్. సాకెట్‌ను డొప్పలో బిగించాక అతికించబోతే ప్లాస్టిక్కు కరుగుతుంది. అందుకని తీగలను బయటే సాకెట్‌కు అతికించండి. సాకెట్‌కు మూడు కాళ్లు ఉండవచ్చు, ఐదు ఉండవచ్చు. ఐదు ఉంటే రెండు స్విచ్చు కాళ్లు, అవి మనకు అక్కరలేదు. ఏది ఏదో తెలియాలంటే ఆక్స్ కేబుల్‌ను సాకెట్‌లో గుచ్చి, రెండో కొసన ఉన్న పిన్ను భాగాలకూ కాళ్లకూ మధ్య మీటర్‌తో చూడండి. కాగితం మీద రాసుకోండి.

హెడ్‌ఫోన్ తీగకు సాల్డర్ అంటుకోవడం లేదని చాలామంది విసుక్కుంటారు. ఆ పోగుల మీద కంటికి కనిపించని ఎనామిల్ పూత ఉంటుంది, మధ్యలో నైలాన్ దారాలు కూడా ఉంటాయి. బ్లేడుతో గీకితే పోగులు తెగిపోతాయి. ఐరన్ కొసన కరిగిన సాల్డర్ బొట్టు ఒకటి నిలిపి, తీగ కొసను అందులో మూడు నాలుగు సెకన్లు ముంచండి. పూత కాలిపోయి కొస వెండిలా మెరుస్తుంది. తరువాత అది ఎక్కడికైనా సులభంగా అతుకుతుంది. స్పీకరు మీద అతికించవలసి వస్తే మాత్రం రెండు సెకన్లకు మించి ఐరన్ ఉంచకండి. అయస్కాంతం ఐరన్‌ను తనవైపు లాగుతుంది, చెయ్యి గట్టిగా పట్టుకోండి. కిటికీ తెరిచి పనిచేయండి. సాల్డర్‌లో సీసం ఉండవచ్చు, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కున్న తరువాతే ఏదైనా తినండి.

ఐదో మెట్టు, బిగింపు. సాకెట్‌ను రంధ్రంలో దూర్చి నట్టు బిగించండి. లోపల తీగలు గుంజుకుపోకుండా ఒక చుక్క జిగురుతో అంటించండి. సాకెట్ చుట్టూ సందు ఉంటే దాన్నీ మూసేయండి. చెవి చుట్టూ గాలి బిగువుగా ఉండే రకం హెడ్‌ఫోన్‌లో చిన్న సందు ఉన్నా మృదంగం, తవిల్ వంటి లావు ధ్వనులు పలచబడతాయి.

చివరి మెట్టు, పరీక్ష. అన్నీ మూసేముందే వినండి. మొదట మళ్లీ కొలత, మొదట చెప్పిన అంకెలే రావాలి. తరువాత వార్తలు పెట్టండి. చదివే గొంతు సరిగ్గా తల మధ్యలో ఉండాలి. అలా కాక, చుట్టూ ఎక్కడో చెదిరినట్లుండి, లావు ధ్వని కూడా తగ్గితే, ఒక స్పీకరుకు రెండు తీగలూ తారుమారు అయ్యాయన్నమాట. ఒక స్పీకరు ముందుకు వస్తుంటే రెండోది వెనక్కు పోతోంది. ఆ ఒక్కదాని తీగలు అటు ఇటు మార్చండి. ఎడమ కుడి మారిందేమో కూడా చూసుకోండి.

రెండు జాగ్రత్తలు. ఆక్స్ కేబుల్ కొనేటప్పుడు పిన్ను మీద రెండు నల్ల గీతలు ఉన్నాయో లేదో చూడండి. ఒక్క గీత ఉన్నది మోనో పిన్ను, అది కుడివైపును ఉమ్మడితో కలిపేస్తుంది. మూడు గీతలు ఉన్నది మైకు కూడా ఉన్న రకం, మనకు అవసరం లేదు. ఇక పిన్నును గుచ్చేటప్పుడు ధ్వని తగ్గించి గుచ్చండి.

ధ్వని అంటే గుర్తొచ్చింది. చెవి మందగించినవారు హెడ్‌ఫోన్ ధ్వని పెంచుతూ పోతారు. రొద వల్ల పోయిన వినికిడి తిరిగి రాదు. పెద్దలకు 80 డెసిబెల్‌ల ధ్వని వారానికి 40 గంటలకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ధ్వని పెరిగినకొద్దీ ఆ గంటలు తగ్గించుకోవాలి. హెడ్‌ఫోన్‌ను బాగుచేసుకోవచ్చు గాని, చెవిలోని సన్నని నరాలకు సాల్డరింగ్ లేదు.

తీగ లేని హెడ్‌ఫోన్లు వచ్చాయి కదా, ఈ తంటా ఎందుకని మీరు అడగవచ్చు. వాటిలో బ్యాటరీ ఉంటుంది. కొన్నేళ్లకు అది నీరసిస్తుంది, చాలావాటిలో దాన్ని మార్చే వీలు ఉండదు. అంటే తీగ స్థానంలో మరొక చెడిపోయే వస్తువును లోపల పెట్టి మూసేశారన్నమాట. సాకెట్ ఉన్న హెడ్‌ఫోన్‌లో చెడేది బయట ఉంటుంది.

మామయ్య హెడ్‌ఫోన్‌కు సాకెట్, తీగ కలిపి రెండు వందల రూపాయల లోపే అయింది. ఆ తరువాత ఏడాది కూడా తిరగకముందే మా ఊరి పేరు పెట్టుకున్న తెల్ల వేటకుక్క పిల్ల ఒకటి పక్కింటి నుంచి వచ్చి, కుర్చీ కింద వేలాడుతున్న తీగను రెండు ముక్కలుగా కొరికేసింది. ఆ సంగతి నాకు వారం తరువాత గాని తెలియలేదు. "నాకు చెప్పలేదేం మామా?" అని అడిగాను.

"చెప్పడానికేముంది అల్లుడూ? ట్రావెలర్ అరిగింది, మార్చాను" అన్నారు. మూల మీది దుకాణానికి నడిచివెళ్లి కొత్త తీగ కొని, తానే గుచ్చుకుని, ఆ సాయంత్రం వార్తలు కూడా విన్నారట.

మీ ఇంట్లో మూలన పడి ఉన్న హెడ్‌ఫోన్‌ను ఒకసారి బయటకు తీయండి. పారేసేముందు కొలిచి చూడండి. స్పీకర్లు బాగుంటే, తెగేది బయటకు తెచ్చి, నిలిచేది లోపల నిలిపి, మీరూ ప్రయత్నించండి.